హాస్టల్ గేటు దాటినంక ట్రంకు పెట్టె యాడ పెట్టాలె?

పోస్టు కొంచెం పొడుగే ఉంటది, ఓపికతోని చదవండి. ఈ ఏడు ఇంటర్ సెకండియర్, డిగ్రీ ఫైనల్ ఇయర్ రాసేటోళ్లు, హాస్టళ్లల్ల జూనియర్లు ఉన్నోళ్లు మాత్రం తప్పకుండా చదవండి.

మన గ్రూపుల నోటిఫికేషన్ల గురించి మాట్లాడుకుంటం. స్కాలర్‌షిప్ బకాయిల గురించి, రిజర్వేషన్ల గురించి, పోడు పట్టాల గురించి కొట్లాడుకుంటం. అన్నీ అవసరమే. కానీ ఒక్క సంగతి ఎవరం ఎత్తం. ఆఖరి పరీక్ష రాసిన మరునాడు పోవడానికి ఇల్లు లేని పిల్లల సంగతి.

ప్రతి ఆశ్రమ పాఠశాలల, ప్రతి గురుకులంల ఇట్లాంటోళ్లు ఉంటరు. అమ్మానాయన ఇద్దరూ లేనోళ్లు కొందరు. నాయన చనిపోయి, అమ్మ వేరే మనువు చేసుకొని పోతే మిగిలినోళ్లు కొందరు. అమ్మానాయన ఉన్నా, బొంబాయికో పూనాకో మేస్త్రి వెంట వలసపోయి ఏ సైటు మీద ఉన్నరో తెల్వనోళ్లు ఇంకొందరు. అవ్వ దగ్గర పెరిగి, ఆ అవ్వ కూడా పోయినోళ్లు ఉన్నరు. వీళ్లకు మూడో తరగతి నుంచి హాస్టలే ఇల్లు, వార్డెనే పెద్దదిక్కు, ట్రంకు పెట్టెనే ఆస్తి. పండుగ సెలవులు వచ్చినప్పుడు గమనించి ఉంటే మీకే తెలుస్తది. అందరూ బస్సు కోసం ఉరుకుతుంటే వీళ్లు మెల్లగా సర్దుకుంటరు. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా హాస్టల్ బంద్ అంటే మనకు ఎండాకాలం సెలవులు, వాళ్లకు ఆరేడు వారాలు ఎవరింట్ల తలదాచుకోవాలె అనే లెక్క.

సెలవులన్నా మళ్ల తెరుస్తరు. చదువు అయిపోయినంక గేటు మళ్ల తెరవరు. టీసీ చేతుల పెడతరు, నో డ్యూస్ మీద సంతకం పెట్టించుకుంటరు, మంచం ఖాళీ చెయ్యమంటరు. వార్డెన్‌ను తప్పు పట్టేది ఏం లేదు, జూన్‌ల కొత్త పిల్లగాడు వస్తడు, మంచం కావాలె. కానీ పోయినోడు యాడికి పోయిండని రాసుకునే రిజిస్టర్ ఏ ఆఫీసులనన్నా ఉన్నదా?

యాడికి పోతరో మనకు తెలుసు. మన ఆలంపూర్, అయిజ, గద్వాల దిక్కు మగపిల్లలు సీడ్ పత్తి చేన్లల్లకు పోతరు, చేన్ల పనితో పాటు పండుకోను జాగ కూడా దొరుకుతది కాబట్టి. హైవే మీద ధాబాలల్ల చేరతరు, ఆడ కూడా అంతే. హైదరాబాద్ పోయి డెలివరీ పనిల చేరి, ఒక గదిల ఎనిమిది మంది ఉంటరు. పని, పడక ఒక్కడి చేతిలోనే ఉంటే ఆ మనిషి ఎదురు మాట్లాడలేడు. కూలి తక్కువిచ్చినా, తిట్టినా ఊకుంటడు. ఎందుకంటే పని పోతే ఆ రాత్రే పడక కూడా పోతది. వెట్టి అనే మాట కాయితాల మీద పోయింది కానీ ఈ రూపంల ఉన్నది.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. 18 నిండంగనే హాస్టల్ తలుపు మూస్తది, పెండ్లి తలుపు తెరుస్తది. “ఎక్కడ ఉంచుకుంటం, ఎవరో ఒకర్ని చూసి చేసేద్దాం” అని దూరపు చుట్టాలు అంటరు. చట్టం ప్రకారం వయసు నిండింది కాబట్టి ఎవరూ అడగరు. ఆ పిల్ల నర్సింగ్ చదువుదామనుకుందా, డీఎస్సీ రాద్దామనుకుందా ఎవరికి పట్టింది? ఇష్టపడి చేసుకునే పెండ్లి వేరు. పండుకోను జాగ లేక చేసుకునే పెండ్లి వేరు. రెండోదాన్ని పెండ్లి అనుడు కన్నా ఆసరా అనాలె, ఆ ఆసరాకు ఆ పిల్ల కట్టే కిరాయి జీవితమంత.

ఇప్పుడు చట్టం ఏమంటదో చూద్దాం.

జువెనైల్ జస్టిస్ చట్టం 2015ల 46వ సెక్షన్ ఉన్నది. బాలల సంరక్షణ సంస్థల పెరిగి 18 ఏండ్లు నిండి బయటికి పోయేటోళ్లకు, సమాజంల నిలదొక్కుకోవడానికి ఆర్థిక సాయం ఇవ్వవచ్చు అని అది చెప్తది. గమనించండి, “ఇవ్వాలి” అని లేదు, “ఇవ్వవచ్చు” అని ఉన్నది. 2016ల కేంద్రం తెచ్చిన మోడల్ రూల్స్‌ల దీన్ని ఇంకా వివరంగా రాసిండ్రు. 18 నుంచి 21 ఏండ్ల దాకా, ప్రత్యేక పరిస్థితులుంటే 23 దాకా ఈ సాయం ఉండొచ్చు. ఆరు నుంచి ఎనిమిది మందికి కలిపి తాత్కాలికంగా ఒక ఇల్లు, పని నేర్చుకునే కాలంల స్టైపెండ్, పై చదువుకు స్కాలర్‌షిప్, మాట్లాడి దారి చూపే కౌన్సిలర్, సొంతంగా ఏదన్న పెట్టుకుంటనంటే లోన్ ఇప్పించుడు, ఇవన్నీ అందులనే ఉన్నయి. 2022ల వచ్చిన మిషన్ వాత్సల్య గైడ్‌లైన్స్ ప్రకారం ఇట్లాంటి యువతకు నెలకు రూ.4,000 సాయం. దీన్ని ఆఫ్టర్‌కేర్ అంటరు. మన భాషల చెప్పాలంటే గేటు దాటినంక కూడా చెయ్యి వదలకపోవుడు.

చదివితే బాగున్నదనిపిస్తది కదా. అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. ఈ సాయం బాలల సంరక్షణ సంస్థల నుంచి పోయేటోళ్లకు. ఆ సంస్థలంటే ఏందో చట్టంలనే లిస్టు ఉన్నది: చిల్డ్రన్ హోమ్, ఓపెన్ షెల్టర్, అబ్జర్వేషన్ హోమ్ ఇట్లాంటివి. మన ఆశ్రమ పాఠశాల అందుల లేదు. గురుకులం లేదు. ఏకలవ్య లేదు. ఎస్టీ హాస్టల్ లేదు. అవి చదువు కోసం పెట్టినవి అని లెక్క. అంటే ఒకే తీరు ఇద్దరు అనాథ పిల్లలు ఉన్నరనుకోండి. ఒకరు చిల్డ్రన్ హోమ్‌ల పెరిగిండ్రు, ఇంకొకరు ఆశ్రమ పాఠశాలల పెరిగిండ్రు. 18 నిండినంక మొదటోళ్లకు కనీసం చట్టంల ఒక సెక్షన్ ఉన్నది, అడిగే హక్కు ఉన్నది. రెండోవాళ్లు ఆ చట్టం కంటికే కనపడరు. వాళ్లు “పాస్ అవుట్ స్టూడెంట్”, అంతే.

మన గిరిజన పిల్లలల్ల దిక్కులేనోళ్లు ఎక్కువగా యాడ పెరుగుతరు? చిల్డ్రన్ హోమ్‌ల కాదు. ఊరి పెద్దో, తండా నాయకుడో, టీచరో తీస్కపోయి గిరిజన సంక్షేమ హాస్టల్‌లనే చేర్పిస్తరు. మంచి పనే చేసిండ్రు, పిల్లకు తిండి, చదువు దొరికింది. కానీ ఆ మంచి పనితోనే ఆ పిల్ల ఆఫ్టర్‌కేర్ లెక్కల నుంచి బయటికి పోయింది. ఇది ఎవరో పగబట్టి చేసింది కాదు, రెండు శాఖల నడుమ ఉన్న సందు. ఆ సందుల పడేది మాత్రం మన పిల్లలే.

18 ఏండ్లకే మనిషి సొంతంగా బతకలేడని ప్రభుత్వానికి తెల్వదా? తెలుసు. కోవిడ్‌ల తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల కోసం 2021ల పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ పెట్టిండ్రు. అందుల ఏం రాసుకున్నరు? 18 వచ్చేటప్పటికి ఆ పిల్లల పేరు మీద రూ.10 లక్షలు ఉంటది, 18 నుంచి 23 దాకా దాని మీద నెలనెలా స్టైపెండ్, 23 నిండినంక మొత్తం పైకం చేతికి. చాలా మంచి పథకం. 18కి, 23కి నడుమ ఒక వంతెన కావాలె అని రాజ్యమే ఒప్పుకున్నట్టు. మరి జ్వరంతోనో, పాముకాటుతోనో, సైటు మీదికెళ్లి పడో అమ్మానాయన చనిపోయిన చెంచు పిల్లగానికి, లంబాడ పిల్లకు ఆ వంతెన అక్కర లేదా? చావు ఏ రోగంతో వచ్చిందో చూసి ఆకలి తగ్గదు కదా.

బయటి దేశాల లెక్క కూడా చూడండి. ఇంగ్లండ్‌ల 2000లనే సంరక్షణ నుంచి బయటికి పోయే పిల్లల కోసం ప్రత్యేక చట్టం చేసిండ్రు. ప్రతి ఒక్కరికి ఒక సలహాదారు ఉంటడు, 2017 చట్టంతోని ఆ తోడును అడిగినోళ్లకు 25 ఏండ్ల దాకా పెంచిండ్రు. అమెరికాల 1999ల చాఫీ ప్రోగ్రామ్ అని తెచ్చి, ఫోస్టర్ కేర్‌ల పెరిగినోళ్లకు సొంతంగా బతికే శిక్షణ, కిరాయికి సాయం ఇస్తున్నరు. వాళ్లు డబ్బున్నోళ్లు కాబట్టి చేసిండ్రు అంటరేమో. ఇల్లున్న పిల్లగాడు కూడా 25 దాకా అమ్మానాయన మీద ఆధారపడుతున్నడని గమనించి చేసిండ్రు. మన దగ్గర కూడా అంతే కదా. బీటెక్ అయినంక రెండేండ్లు అమీర్‌పేటల కోచింగ్ తీసుకునేటోనికి కిరాయి ఎవరు పంపుతున్నరు? నాయననే కదా. నాయన లేనోనికి ఎవరు పంపాలె అన్నదే నా ప్రశ్న.

కొందరు అడుగుతరు, ఇప్పుడున్న పథకాలు సరిపోవా అని. ఒక్కొక్కటి చూద్దాం.

ఇందిరమ్మ ఇల్లు: రూ.5 లక్షలు ఇస్తరు, మంచిదే. కానీ సొంత జాగ ఉండాలె, రేషన్ కార్డు ఉండాలె. 19 ఏండ్ల ఒంటరి పిల్లకు ఈ రెండింట్ల ఏది ఉన్నది? పీఎం జన్‌మన్ 2023 నవంబర్‌ల మొదలైంది, చెంచుల లాంటి ఆదిమ తెగలకు ఇండ్లు కట్టిస్తున్నరు. అది కూడా కుటుంబానికే. నల్లమల పెంటల కుటుంబమే లేని పిల్లగాడు ఏ లిస్టుల చేరాలె?

నైట్ షెల్టర్: 2010ల సుప్రీంకోర్టు చెప్పినంక, పట్టణాలల్ల లక్ష జనాభాకు ఒక షెల్టర్ అనే లెక్క వచ్చింది. మన ఆలంపూర్ 2018ల మున్సిపాలిటీ అయ్యింది కానీ లక్షకు చాలా దూరం. హైదరాబాద్‌ల ఉన్నా అది రాత్రి తలదాచుకునే చోటు. అక్కడ ఉండి గ్రూప్-4కు చదువుతరా? ఆడపిల్ల ట్రంకు పెట్టె పెట్టి పొద్దున డ్యూటీకి పోతదా?

పోస్ట్ మెట్రిక్ హాస్టల్: సీటు ఉన్నన్ని రోజులు బాగనే ఉన్నది. 2024ల డైట్ చార్జీలు పెంచినంక కాలేజీ విద్యార్థికి నెలకు రూ.2,100 అయ్యింది. కానీ కోర్సు అయిపోయిన మరునాడు ఆ రూ.2,100 సున్నా అయితది. ఉద్యోగం మాత్రం మరునాడు రాదు. డిగ్రీకి, మొదటి జీతానికి నడుమ ఆరు నెలలు, ఏడాది, రెండేండ్లు. ఇల్లున్నోడు ఆ కాలాన్ని “ప్రిపరేషన్” అంటడు. ఇల్లు లేనోడు ఏమనాలె?

మన ఆలంపూర్‌కు ఇంకో చిక్కు కూడా ఉన్నది. మనకు గద్వాల కన్నా కర్నూలు దగ్గర. పని, కోచింగ్, ఆసుపత్రి అన్నీ అక్కడనే. 2014 నుంచి అది వేరే రాష్ట్రం. తుంగభద్ర బ్రిడ్జి దాటితే మన కాయితం నడవదు. ఇటు చూస్తే, రాష్ట్రంల ఎస్టీలు చాలా తక్కువ ఉన్న జిల్లాలల్ల జోగులాంబ గద్వాల ఒకటి. మన్ననూరు ఐటీడీఏ చెంచుల కోసం, అది నల్లమల దిక్కు. ఏజెన్సీ కాదు, సంఖ్య లేదు, ఓట్లు లేవు. అడిగే గొంతు సన్నగ ఉంటే వినపడదు.

ఆలంపూర్‌ల పుట్టినోళ్లకు ఇల్లు పోవుడంటే ఏందో వేరే చెప్పక్కర లేదు. శ్రీశైలం ప్రాజెక్టు కింద వంద ఊళ్ల దాక మునిగినయి. 1981ల ఊళ్లను బలవంతంగా ఖాళీ చేయించిన సంగతి మన పెద్దలు ఇప్పటికీ చెప్తరు. ఆ నీళ్లల్లనే మునగాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి తెచ్చి ఆలంపూర్‌ల మళ్ల నిలబెట్టిండ్రు. పాపనాశి గుళ్లను కూడా తెచ్చిండ్రు. మంచి పని, అవి మన చరిత్ర. 2009 అక్టోబర్‌ల వరద వచ్చి ఆలంపూర్, కర్నూలు మునిగినప్పుడు ఎన్ని ఇండ్లల్ల కాయితాలు, బియ్యం, సర్టిఫికెట్లు బురదల కలిసినయో మనం చూసినం. నేను అడిగేది ఒక్కటే. రాయికి పునరావాసం తెలిసిన రాజ్యానికి, తానే పదేండ్లు పెంచిన పిల్లకు రెండేండ్ల పునరావాసం ఎందుకు తెల్వదు?

ఇంక మనోళ్లే అనే మాటలకు కూడా జవాబు చెప్పాలె.

“చుట్టాలు లేరా, మన తెగలల్ల పిల్లల్ని వదిలెయ్యరు కదా” అంటరు. నిజమే, మన తండాలల్ల, పెంటలల్ల అనాథ అనే మాటే తక్కువ. కాకనో, మేనమామనో, పెద్దమ్మనో చేరదీస్తరు. నేను దాన్ని తక్కువ చెయ్యను. కానీ ఆ మేనమామకు ఉన్నది ఒక్క అర్ర. ఆయన సగం ఏడాది వలసలనే ఉంటడు. నలుగురు పిల్లలున్న ఇంట్ల ఐదో పళ్లెం పెట్టుడు ఆయన ప్రేమ, ఐదో మనిషికి చదువు కిరాయి కట్టుడు ఆయన తాహతు కాదు. ప్రేమ ఉన్నది కదా అని బాధ్యత మొత్తం ఆయన నెత్తిన పెట్టుడు న్యాయం కాదు.

“అన్నీ ఫ్రీగా ఇస్తే సోమరులైతరు” అని ఇంకో మాట. మూడో తరగతి నుంచి సొంత బట్టలు పిండుకొని, సొంత పళ్లెం కడుక్కొని, జ్వరమొస్తే తానే లేచి నీళ్లు తాగిన పిల్లకు కష్టపడుడు ఎవరూ నేర్పక్కర లేదు. ఆమెకు రానిది వేరే ఉన్నది. బ్యాంకుల ఫారం నింపుడు, ఇంటి ఓనర్‌తోని కిరాయి మాట్లాడుడు, జీతంల నెలకు సరిపడ పంచుకొని వాడుడు, కులం అడిగితే ఏం చెప్పాలె, ఒంటరి ఆడపిల్లకు ఇల్లియ్యం అంటే ఏం చెయ్యాలె. ఇవి ఇంట్ల పెరిగినోళ్లు చూసి నేర్చుకుంటరు. హాస్టల్ల గంట కొడితే లేస్తం, గంట కొడితే తింటం. ఆ గంట ఒక్కసారి ఆగిపోతే తికమక కాదా?

“డబ్బులు యాడియి” అంటరు. నెలకు రూ.4,000 అంటే ఏడాదికి రూ.48,000. పది మందికి రూ.4 లక్షల 80 వేలు. ఒక్క ఇందిరమ్మ ఇంటికి ఇచ్చే పైకం కన్నా తక్కువ. ఇండ్లు ఆపమని కాదు, పైకం ఎంత చిన్నదో చెప్తున్న. పదేండ్లు తిండి పెట్టి, చదువు చెప్పి, ఆఖరి రెండేండ్ల కాడ చెయ్యి వదిలేస్తే ముందు పెట్టింది కూడా వృథానే. పంట కోతకొచ్చినంక నీళ్లు బంద్ చేసినట్టు.

అందుకే గిరిజన సంక్షేమ శాఖను, మహిళా శిశు సంక్షేమ శాఖను మనం అడగాల్సినవి ఇవి:

ఒకటి. ఆశ్రమ పాఠశాల, గురుకులం, ఎస్టీ హాస్టల్‌ల పెరిగిన అనాథ పిల్లలకు కూడా ఆఫ్టర్‌కేర్ వర్తించాలె. 21 దాకా, అవసరముంటే 23 దాకా. “ఇవ్వవచ్చు” కాదు, “ఇవ్వాలి” అని జీవో రావాలె.

రెండు. జిల్లాకు ఒక్క హాస్టలన్నా, ఆడపిల్లలకు ఒకటి, మగపిల్లలకు ఒకటి, 365 రోజులు తెరిచి ఉండాలె. ఎండాకాలం కూడా వంట బంద్ కావొద్దు.

మూడు. మహబూబ్‌నగర్‌ల, హైదరాబాద్‌ల ఆరు నుంచి ఎనిమిది మందికి ఒక కిరాయి ఇల్లు. అడ్వాన్సు ప్రభుత్వం కట్టాలె. కిరాయి మొదటి ఏడాది పూర్తిగా, రెండో ఏడాది సగం. ఉద్యోగం వచ్చిన నెల గెంటెయ్యొద్దు, రెండు మూడు జీతాలు చేతికి వచ్చేదాకా ఉండనియ్యాలె.

నాలుగు. హాస్టల్ విడిచేటప్పుడు టీసీతో పాటు ఒక ఫైలు ఇయ్యాలె. కులం సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు బుక్కు, ఓటరు కార్డు అన్నీ అందుల ఉండాలె.

ప్రభుత్వం చేసేదాకా మనం ఊకోవొద్దు. మన చేతుల ఉన్నవి చెప్తున్న.

కులం సర్టిఫికెట్ మొదలు చూడండి. తల్లిదండ్రులను పదేండ్లలోపు పోగొట్టుకొని, ఎవరూ లేక ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న ఆశ్రమాలల్ల చేరిన పిల్లలను మన రాష్ట్రంల బీసీ-ఏ లిస్టుల పెట్టిండ్రు. కులం తెల్వని పిల్లలకు అది మేలే. కానీ చెంచు అనో, లంబాడ అనో, ఎరుకల అనో తెలిసిన పిల్ల, తండ్రి కాయితాలు లేవని ఎస్టీ హక్కు పోగొట్టుకోవొద్దు. ఊర్ల పెద్దమనుషులు, రక్త సంబంధీకులు బతికి ఉన్నప్పుడే, పిల్ల పదో తరగతిల ఉన్నప్పుడే తహసీల్దార్ ఆఫీసుల విచారణ చేయించి సర్టిఫికెట్ తీయించండి. పదేండ్లు ఆగితే సాక్ష్యం చెప్పేటోళ్లు మిగలరు.

రెండోది, 18 నిండకముందే బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టండి. ఇల్లు లేని, చూసుకునేటోళ్లు లేని పిల్లలు ఆ చట్టం కిందికి వస్తరు, హాస్టల్ల ఉన్నా సరే. 1098కు ఫోన్ చేసినా, జిల్లా బాలల పరిరక్షణ అధికారిని కలిసినా దారి చెప్తరు. 18కి ముందు రికార్డుల పేరు ఎక్కితే తర్వాత అడగడానికి ఆధారం ఉంటది. 18 దాటినంక పోతే “ఇప్పుడు నువ్వు పిల్లవు కాదు” అంటరు.

మూడోది, ఓటు. అడ్రసు లేనోళ్లకు ఓటు రాదనేది తప్పు. ఎన్నికల సంఘం రూల్ ప్రకారం ఇల్లు లేని మనిషి యాడ పండుకుంటడో ఫారం-6ల రాస్తే, బీఎల్‌ఓ రాత్రిపూట వచ్చి చూసి రాసుకోవాలె. అడ్రసు కాయితం అడగొద్దు.

నాలుగోది, ఆర్‌టీఐ. పది రూపాయల పని. మన జిల్లాల గత మూడేండ్లల్ల ఎంత మందికి ఆఫ్టర్‌కేర్ సాయం ఇచ్చిండ్రు, అందుల ఎస్టీలు ఎందరు, ఎస్టీ హాస్టళ్లల్ల తల్లిదండ్రులు లేని పిల్లలు ఎందరు, ఈ మూడు ప్రశ్నలే అడుగుదాం. జవాబు వస్తే మన దగ్గర లెక్క ఉంటది. లెక్క లేదని జవాబు వస్తే అదే పెద్ద జవాబు.

ఐదోది, ఉద్యోగాలల్ల ఉన్న అన్నలకు, అక్కలకు. హైదరాబాద్‌ల, కర్నూలుల, మహబూబ్‌నగర్‌ల మీ గదిల ఒక్క చాప జాగ, మూడు నెలల కోసం. పైసలు ఇయ్యమంటలేను. ఓనర్‌తోని మాట్లాడి, పని చూపించి, మొదటి జీతం దాకా పక్కన నిలబడండి. చెల్లెండ్లకు మాత్రం అక్కల గదులే, అందుల రాజీ లేదు.

2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చెయ్యమంటే వేలమంది పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు లైన్ కట్టిండ్రు. అందరూ “ఇంటికి పోవాలె” అన్నరు. ఆ లైన్ల, పోవడానికి ఇల్లే లేనోళ్లు కూడా ఉండే ఉంటరు. వాళ్లు ఫారంల ఏ ఊరు రాసి ఉంటరో ఆలోచించండి.

మార్చిల పరీక్షలు. ఇప్పటి నుంచి లెక్క పెట్టుకున్నా టైం తక్కువ. ప్రతి హాస్టల్ నుంచి ఒక్కరు ముందుకు రండి. మీ హాస్టల్‌ల పరీక్షల తర్వాత పోను జాగ లేనోళ్లు ఎందరు ఉన్నరో, అందుల ఆడపిల్లలు ఎందరో, 18 నిండనోళ్లు ఎందరో సంఖ్య మాత్రమే ఇక్కడ రాయండి. పేర్లు గ్రూపుల పెట్టొద్దు, అది వాళ్ల గౌరవం. పేర్లు అడ్మిన్లకు విడిగా చెప్పండి. ఆ లెక్క పట్టుకొని కలెక్టరేట్ ప్రజావాణికి అందరం కలిసి పోదాం.

జై ఆదివాసీ. జై సేవాలాల్. జై భీం.